కరెంటు లెక్క ఎక్కడ తెగుతోంది? ఎస్పీడీసీఎల్ అజమాయిషీ, దాని చుట్టూ రాజకీయం

క్లుప్తంగా

తిరుపతి కేంద్రంగా నడిచే దక్షిణ ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ (ఎస్పీడీసీఎల్)లో నష్టాలు, సర్దుబాటు చార్జీలు, మీటర్ల గొడవ వేటికవే విడి సమస్యల్లా కనిపిస్తాయి. మూడింటికీ వేరు ఒక్కచోటే ఉంది. పొలాలకు వెళ్లే కరెంటుకు కొలత లేదు, కొలత లేనిచోట ఎవరి బాధ్యత ఎంతో తేల్చే దారి లేదు. పాతికేళ్లుగా జరిగిన సంస్కరణలు ఎక్కువగా ఈ ముడి దగ్గరే ఆగాయి. కొలవడాన్నీ బిల్లు వేయడాన్నీ జనం కళ్లముందే విడదీస్తే తప్ప ఈ ముడి వీడేలా లేదు.

బిల్లులో కనిపించేది, కనిపించనిది

చిత్తూరులోనో పుత్తూరులోనో ఒక మధ్యతరగతి ఇంటి కరెంటు బిల్లు తీసి చూస్తే ఎనర్జీ చార్జీ, ఫిక్స్‌డ్ చార్జీ, కస్టమర్ చార్జీ, విద్యుత్ సుంకం వరుసగా ఉంటాయి. ఆ కింద ట్రూఅప్ అనో, ఇంధన సర్దుబాటు అనో ఇంకో పద్దు ఉంటుంది. ఎప్పుడో వాడి, బిల్లు కట్టేసిన కరెంటుకు ఇప్పుడు మళ్లీ డబ్బు ఎందుకు కట్టాలన్నది చాలామందికి అంతుపట్టని విషయం.

దీని వెనకున్న విధానం ఇది. రాబోయే ఏడాదికి ఎంత కరెంటు కొనాలి, ఎంత ఖర్చవుతుంది, ఎంత వసూలవుతుంది అని డిస్కంలు (విద్యుత్ పంపిణీ సంస్థలు) ముందుగా అంచనా వేసి విద్యుత్ నియంత్రణ మండలికి ఇస్తాయి. మండలి ఆ అంచనాను కత్తిరించి టారిఫ్ ఖరారు చేస్తుంది. ఏడాది గడిచాక అసలు ఖర్చు అంచనాను దాటితే ఆ తేడాను వినియోగదారుల నుంచి రాబట్టడానికి అనుమతి అడుగుతాయి. రాష్ట్రంలోని మూడు డిస్కంలకు కలిపి 2022-23 సంవత్సరానికి సుమారు రూ.6,072 కోట్లు, 2023-24కు సుమారు రూ.9,412 కోట్ల వసూలుకు 2024 చివర్లో అనుమతి వచ్చింది. ఆ భారం ఎవరి పాపమన్న వాదన పార్టీల మధ్య ఇంకా నడుస్తోంది. ఒకరు గత ప్రభుత్వం కొన్న ఖరీదైన కరెంటు అంటారు, ఇంకొకరు ఇప్పటి ప్రభుత్వం భరించకపోవడం అంటారు. ఈ వాదులాటలో అడగాల్సిన ప్రశ్న పక్కకు పోతోంది. ఆ తేడాలో మార్కెట్ ధరల వల్ల వచ్చిందెంత, సంస్థ సొంత లోపాల వల్ల వచ్చిందెంత? ఈ రెంటినీ విడదీసి చూపగలిగితేనే ఆ సంస్థలో అజమాయిషీ ఉన్నట్టు.

అజమాయిషీకి కావలసినవి

ఏ సంస్థలోనైనా అజమాయిషీ మూడు పనుల మీద నడుస్తుంది. ఎవరికి ఏ లక్ష్యమో ముందే చెప్పాలి. జరిగింది కొలవాలి. తేడా వస్తే, ఆ తేడా ఎవరి చేతిలో ఉందో వారినే అడగాలి. చూడటానికి తేలికైన సూత్రమే. కేశవాయనగుంటలోని ఎస్పీడీసీఎల్ కార్పొరేట్ కార్యాలయం నుంచి చూస్తే మాత్రం ఈ మూడింటిలో ఏదీ పూర్తిగా ఆ భవనంలోని వారి చేతిలో లేదు.

2000 ఏప్రిల్ 1న ప్రభుత్వ విద్యుత్ ప్రసార సంస్థ ఏపీ ట్రాన్స్‌కో నుంచి విడదీసిన నాలుగు పంపిణీ సంస్థల్లో ఇది ఒకటి. మొదట్లో కృష్ణా, గుంటూరు, ప్రకాశం కూడా దీని కిందే ఉండేవి. 2014 విభజనతో అనంతపురం, కర్నూలు వచ్చి చేరాయి. 2019 చివర్లో విజయవాడ కేంద్రంగా కొత్త సంస్థ పెట్టడంతో కోస్తాలోని మూడు జిల్లాలు వెళ్లిపోయాయి. మిగిలినవి నెల్లూరు, రాయలసీమ. అంటే పెద్ద నగరాలు, వాటితో వచ్చే వాణిజ్య ఆదాయం కొంత చేజారి, బోరుబావుల మీద బతికే మెట్ట ప్రాంతం ఎక్కువగా మిగిలింది. సంస్థ పనితీరును పాత ఏళ్లతో పోల్చేటప్పుడు ఈ సరిహద్దు మార్పులను మరిచిపోతే లెక్క తప్పుతుంది.

డిస్కం ఖర్చులో సింహభాగం కరెంటు కొనుగోలుదే. ఆ కొనుగోళ్లను మూడు డిస్కంల తరఫున విద్యుత్ సమన్వయ కమిటీ విజయవాడలో చూస్తుంది. టారిఫ్ మండలి చేతిలో ఉంది. ఉచిత విద్యుత్ విధానం ప్రభుత్వానిది. తిరుపతి ఇంజినీరు చేతిలో నిజంగా ఉన్నది మూడు: లైన్లలో నష్టం, బిల్లు వసూలు, సరఫరా నాణ్యత. అతన్ని నిలదీయాల్సిందీ వీటి మీదే. అందులో మొదటిదాన్ని కొలిచే సాధనమే అతని దగ్గర పూర్తిగా లేదు.

మీటరు లేని మోటారు

ఉచిత వ్యవసాయ విద్యుత్ 2004 మేలో మొదలైంది. అంతకుముందు కూడా మోటార్లకు మీటర్లు లేవు. హార్స్‌పవర్‌ను బట్టి ఏడాదికింత అని కట్టించుకునేవారు. ఆ శ్లాబు పోయి ఉచితం వచ్చాక మీటరు పెట్టే అవసరం ఎవరికీ కనిపించలేదు. విద్యుత్ చట్టం 2003లోని 55వ సెక్షన్ మీటరు లేకుండా సరఫరా చేయకూడదంటుంది. గడువు పొడిగించే అధికారం మాత్రం నియంత్రణ మండళ్లకు ఇచ్చింది.

మరి పొలాలకు ఎంత వెళ్లిందో ఎలా చెబుతున్నారు? కొన్ని ట్రాన్స్‌ఫార్మర్లను నమూనాగా ఎంచుకుని వాటికి మీటర్లు పెడతారు. ఒక్కో హార్స్‌పవర్‌కు సగటున ఎంత ఖర్చయిందో తీసి, ఆ సగటును మొత్తం హార్స్‌పవర్‌తో హెచ్చిస్తారు. భారత గణాంక సంస్థ రూపొందించిన పద్ధతి ఇది. పద్ధతిలో తప్పు లేదు, అందులో వేసే అంకెల దగ్గరే వస్తోంది చిక్కు.

ఒక ఉదాహరణ ఊహించుకుందాం. ఒక ఫీడరులోకి, అంటే సబ్‌స్టేషన్ నుంచి ఊళ్లకు వెళ్లే లైనులోకి, 100 యూనిట్లు వెళ్లాయి. ఇళ్లు, దుకాణాలు, చిన్న మిల్లుల మీటర్లలో 60 తేలాయి. వ్యవసాయానికి 30 అని అంచనా వేశారు. నష్టం 10 అని రాసుకున్నారు. పొలాలకు నిజంగా వెళ్లింది 22 మాత్రమే అయితే అసలు నష్టం 18. ఆ అదనపు 8 యూనిట్లు పాత తీగల్లో పోయాయో, కొక్కేలు తగిలించి లాగారో, తప్పుడు మీటర్ల పాలయ్యాయో ఎవరికీ తెలియదు. రికార్డులో అవి రైతు ఖాతాలో చేరిపోయాయి. వాటిమీద ప్రభుత్వం సబ్సిడీ కూడా ఇస్తుంది. ఇదే ఉదాహరణ తిరగబడనూవచ్చు. రైతులు నిజంగా 36 వాడి, అంచనా 30 దగ్గరే ఆగితే సరిగా పనిచేసిన ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) మీద లేని నష్టం పడుతుంది, సంస్థకు రావాల్సిన సబ్సిడీ తగ్గుతుంది.

అంచనా ఎటు తప్పినా ఎవరో ఒకరు నష్టపోవడం నిజమే. అయినా ఈ అంచనా ఇన్నేళ్లు నిలబడిందంటే, అది చాలామందికి అనుకూలంగా ఉండబట్టే. నష్టాల శాతం తక్కువగా కనిపిస్తే సంస్థకు మంచిపేరు. రైతులకు ఇన్ని వేల మిలియన్ యూనిట్లు ఇచ్చామని చెప్పుకోవడం ప్రభుత్వానికి గొప్ప. మీటరు లేదంటే రేపు బిల్లు రాదని రైతుకు ధీమా. నష్టపోయేవాళ్లలో మొదటివాడు ఈ లెక్క చూడనే చూడడు. అతను బిల్లు కట్టే పట్టణ వినియోగదారు.

చిత్తూరు పడమటి మండలాల్లో దీనికి ఇంకో మెలిక ఉంది. భూగర్భజలం కిందికి పోయేకొద్దీ రైతు పాత మోటారు తీసి పెద్దది దించుతాడు. రికార్డులో 5 హెచ్‌పీ, బోరులో 7.5. మొత్తం హార్స్‌పవర్ మీద ఆధారపడే అంచనాకు పునాదే తప్పవుతుంది. అప్పుడప్పుడూ అదనపు లోడును క్రమబద్ధం చేసుకోమని అవకాశం ఇస్తారు. డబ్బు కట్టాలంటే వెనకాడేవారు కొందరైతే, పేరు రికార్డుకెక్కితే రేపు ఏమంటారోనన్న టెన్షన్‌తో ఆగేవారు ఇంకొందరు.

ఒక ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతే

అజమాయిషీ లోపం రైతుకు అంకెల్లో కనిపించదు, మేలో ఎండిపోతున్న టమాటా మడిలో కనిపిస్తుంది. 25 కేవీఏ (ట్రాన్స్‌ఫార్మర్ మోయగల లోడుకు కొలమానం) ట్రాన్స్‌ఫార్మర్ కింద నాలుగు 5 హెచ్‌పీ మోటార్లు ఉన్నాయనుకుంటే, మోటారు సామర్థ్యం, పవర్ ఫ్యాక్టర్ కలుపుకొని లోడు సుమారు 22 కేవీఏ. ట్రాన్స్‌ఫార్మర్ తట్టుకుంటుంది. ఆ నాలుగూ 7.5 హెచ్‌పీ అయితే లోడు 33 కేవీఏ దాకా పోతుంది. కరెంటు వచ్చిన నిమిషంలోనే ఆటో స్టార్టర్లన్నీ ఒకేసారి మోటార్లను లేపితే వోల్టేజీ పడిపోతుంది, వైండింగ్ వేడెక్కుతుంది, కొన్నాళ్లకు కాలిపోతుంది.

నిబంధన ప్రకారం కాలిపోయిన ట్రాన్స్‌ఫార్మర్‌ను పట్టణాల్లో 24 గంటల్లో, పల్లెల్లో 48 గంటల్లో మార్చాలి. గడువు దాటితే పరిహారం కూడా ఉంది. గడియారం మొదలయ్యేది మాత్రం ఫిర్యాదు నమోదైన క్షణం నుంచే. లైన్‌మన్‌కు ఫోన్ చేసి చెప్పిన మాట నమోదు కాకపోవచ్చు. విద్యుత్ ఫిర్యాదుల నంబరు 1912కు చేసిన ఫిర్యాదు నమోదవుతుంది. ఈ తేడా ఊళ్లలో చాలామందికి తెలియదు. పంట ఎండిపోతుంటే ఆగలేక రైతులే చందాలు వేసుకుని ట్రాక్టరు మాట్లాడి, కాలినదాన్ని రిపేరు షెడ్డుకు తీసుకెళ్లి ఇంకొకటి తెచ్చుకోవడం రాయలసీమలో కొత్తేం కాదు. రవాణా ఖర్చు సంస్థ పుస్తకాల్లో పడదు. ఆలస్యమూ పడదు. నెలాఖరు నివేదికలో నిబంధన అమలైనట్టే ఉంటుంది.

ఇక్కడ అంకె తప్పుగా రావడం వల్ల జరిగే పెద్ద చెడు వేరే ఉంది. ఎక్కువసార్లు కాలుతున్న ట్రాన్స్‌ఫార్మర్ ఏదో, దాని కింద ఉన్న అసలు లోడు ఎంతో పైఅధికారికి తెలిస్తే పెద్దది పెట్టడమో, ఇంకొకటి అదనంగా ఇవ్వడమో చేయవచ్చు. తెలియకపోతే అదే చోట అదే 25 కేవీఏ మళ్లీ మళ్లీ కాలుతుంది. కొలత లేకపోవడం వల్ల రైతుకు ఒరిగిందేమీ లేదని చెప్పడానికి ఇంతకంటే వేరే సాక్ష్యం అక్కర్లేదు.

మీటరంటే ఎందుకంత భయం

ఈ భయం గాలిలోంచి పుట్టలేదు. 1999లో విద్యుత్ బోర్డును విడదీసి, ప్రపంచ బ్యాంకు రుణంతో సంస్కరణలు మొదలుపెట్టారు. మరుసటి ఏడాది చార్జీలు భారీగా పెరిగాయి. 2000 ఆగస్టు 28న హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో నిరసనకారులపై జరిగిన పోలీసు కాల్పుల్లో ముగ్గురు చనిపోయారు. ఆ ఏళ్లలో అజమాయిషీపరంగా మంచి పనులూ జరిగాయి. విద్యుత్ చౌర్యంపై కఠిన చట్టం వచ్చింది. అనధికార కనెక్షన్లను క్రమబద్ధం చేశారు. పెద్ద సర్వీసులకు ఎలక్ట్రానిక్ మీటర్లు పెట్టారు. ఫీడర్లవారీగా లెక్క చూడటం అలవాటైంది. జనం మనసులో మాత్రం సంస్కరణ అన్న మాట చార్జీల పెంపుతోనే ముడిపడింది. 2004 ఎన్నికల్లో ఉచిత విద్యుత్ వాగ్దానానికి అంత బలం వచ్చింది అందుకే.

2020 సెప్టెంబరులో ఉచిత విద్యుత్‌ను నగదు బదిలీగా మారుస్తూ, సుమారు 18 లక్షల వ్యవసాయ కనెక్షన్లకు మీటర్లు పెట్టాలని అప్పటి ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. ముందుగా శ్రీకాకుళం జిల్లాలో ప్రయోగాత్మకంగా మొదలుపెట్టింది. రైతు పైసా కట్టనక్కర్లేదని, లెక్క కోసమేనని చెప్పింది. అదే సమయంలో రాష్ట్రాలకు అదనపు అప్పు అనుమతించడానికి కేంద్రం పెట్టిన షరతుల్లో విద్యుత్ సంస్కరణలూ ఉన్నాయి. దాంతో అప్పు కోసం రైతు మెడకు మీటరు కడుతున్నారన్న విమర్శ బలంగా పాకింది. మీటర్ల ధర, టెండర్ల మీద ఆరోపణలు దానికి తోడయ్యాయి. ప్రతిపక్షంలో ఉండగా మీటర్లను వ్యతిరేకించిన పార్టీలు 2024లో అధికారంలోకి వచ్చాయి. ఇళ్లకు స్మార్ట్ మీటర్ల విషయంలో ఇప్పుడు అదే ఇబ్బంది వాళ్లకూ ఎదురవుతోంది. వినియోగదారు ఒప్పుకోనిదే పెట్టబోమని మంత్రి స్థాయిలో ప్రకటించాల్సి వచ్చింది.

ఏ పార్టీ అయినా అధికారంలో మీటరు కావాలంటోంది, ప్రతిపక్షంలో వద్దంటోంది. దీన్ని నాయకుల ద్వంద్వ వైఖరి అని వదిలేస్తే విశ్లేషణ ముందుకు సాగదు. మీటరు పెట్టినవారే రేపు బిల్లు వేయగలరు. అలా వేయబోమన్న హామీకి ప్రభుత్వ మాట తప్ప చట్టబద్ధమైన పూచీ లేదు. ఆ పూచీ లేనంతకాలం రైతు అనుమానం సమంజసమైనదే.

జీరో టికెట్ నేర్పే పాఠం

తిరుపతి బస్టాండులో దీనికి చక్కటి పోలిక దొరుకుతుంది. 2025 ఆగస్టు 15 నుంచి కొన్ని రకాల ఆర్టీసీ బస్సుల్లో మహిళలకు స్త్రీశక్తి పథకం కింద ఉచిత ప్రయాణం అమల్లో ఉంది. ఎక్కిన ప్రతి మహిళకూ కండక్టరు జీరో టికెట్ కొడతాడు. ఆమె పైసా ఇవ్వదు. ఎక్కడ ఎక్కింది, ఎక్కడ దిగుతుంది, అసలు చార్జీ ఎంత అన్నది మాత్రం యంత్రంలో నమోదవుతుంది. ప్రభుత్వం ఆర్టీసీకి ఎంత ఇవ్వాలో ఆ లెక్క చెబుతుంది. ఏ రూటులో రద్దీ పెరిగిందో, ఎక్కడ బస్సు వేయాలో డిపో మేనేజరుకు తెలుస్తుంది. ఉచితం కొనసాగుతూనే కొలత ఉండవచ్చని ఈ టికెట్ రోజూ చూపిస్తోంది.

ఆర్టీసీలో ఈ అలవాటు పాతది. డ్రైవరువారీగా లీటరు డీజిలుకు ఎన్ని కిలోమీటర్లు వచ్చాయో, కిలోమీటరుకు ఎంత ఆదాయం వచ్చిందో డిపోలో ఎప్పటినుంచో చూస్తారు. స్టీరింగ్ పట్టుకున్నవాడి చేతిలో ఉన్న విషయానికే అతన్ని అడుగుతారు. డీజిలు ధర పెరిగిందని డ్రైవరును ఎవరూ నిలదీయరు. కరెంటు సంస్థలో కొనుగోలు ధర, లైన్ నష్టం, వ్యవసాయ అంచనా అన్నీ ఒకే పద్దులో కలిసిపోవడంతో ఈ విభజన జరగదు.

పోలిక ఒకచోట ఆగుతుందని కూడా చెప్పాలి. మహిళ బస్సులో ఎక్కువ దూరం వెళ్లినంత మాత్రాన భూగర్భజలం తగ్గదు. కరెంటు లెక్క బయటపడితే నీటి వాడకం మీదా ప్రశ్నలు వస్తాయి. రైతు సంఘాలు దాన్ని ముందే ఊహించాయి.

బదిలీలు, బాకీలు

కొలత సరిచేసినా బాధ్యత అడగడానికి మనిషి ఒకచోట ఉండాలి. ఏఈ, అతని పైనుండే ఏడీఈ పోస్టింగుల మీద ప్రజాప్రతినిధుల సిఫార్సు లేఖల ప్రభావం అందరూ ఎరిగిందే. సబ్‌స్టేషన్ షిఫ్ట్ ఆపరేటర్ల దాకా స్థానిక ఒత్తిళ్లు ఉంటాయి. ఒక సెక్షన్ నష్టాన్ని తగ్గించాలంటే తీగలు మార్చాలి, మీటర్లు తనిఖీ చేయాలి, కొక్కేలు తీయించాలి. ఫలితం కనిపించడానికి రెండు మూడేళ్లు పడుతుంది. ఈలోపు అధికారి మారితే లక్ష్యం కొత్తవాడి నెత్తిన పడుతుంది, పాతవాడిని అడిగే వీలుండదు.

రెండోది ప్రభుత్వ బాకీ. పంచాయతీ వీధిదీపాలు, మంచినీటి పథకాలు, ప్రభుత్వ కార్యాలయాల బిల్లులు పేరుకుపోతాయి. చట్టంలోని 65వ సెక్షన్ సబ్సిడీని ముందుగానే చెల్లించాలంటుంది. ఆలస్యమైతే డిస్కం అప్పు తెచ్చి ప్రభుత్వ విద్యుత్ ఉత్పత్తి సంస్థ జెన్‌కోకు, ప్రైవేటు ఉత్పత్తిదారులకు కడుతుంది. ఆ వడ్డీ చివరికి మళ్లీ బిల్లులోకే వస్తుంది. వీధిదీపం బాకీని వసూలు చేయలేదని ఏఈ మీద వేసే అంకె అర్థం లేనిది, అతను పంచాయతీకి కరెంటు కట్ చేయలేడు.

గుజరాత్, బెంగాల్ చేసింది

గుజరాత్ 2003 నుంచి 2006 మధ్య జ్యోతిగ్రామ్ పథకంలో ఊరి ఫీడరును, పొలాల ఫీడరును విడదీసింది. ఊరికి రోజంతా, పొలానికి ఎనిమిది గంటలు నాణ్యమైన కరెంటు ఇచ్చింది. ఒక్కో రైతుకు మీటరు లేకపోయినా, వ్యవసాయానికి ఎంత వెళ్లిందో ఫీడరు దగ్గరే తేలింది. పశ్చిమ బెంగాల్ ఇంకో దారి పట్టి, బోర్లన్నిటికీ మీటర్లు పెట్టి యూనిట్లకు బిల్లు వేసింది. అక్కడ నీళ్లు పైనే ఉంటాయి, ఉచిత విద్యుత్ అలవాటు లేదు. వెయ్యి అడుగుల దాకా బోరు దించే చిత్తూరు జిల్లాకు బెంగాల్ దారి అతకదు. గుజరాత్ దారిలో కొంత భాగం ఇక్కడా పనికొస్తుంది, విడదీసిన ఫీడర్లు కొన్ని ఇప్పటికే ఉన్నాయి.

మొదట ఎక్కడ కొలవాలి

పంపిణీ సంస్థలను బాగుచేయడానికి పెట్టిన కేంద్ర పథకం ఆర్‌డీఎస్‌ఎస్ 2021లో మొత్తం రూ.3,03,758 కోట్ల అంచనాతో వచ్చింది. ఫీడర్ల విభజన, తీగల మార్పు, మీటర్లు దానిలోని పనులు. ఇంధన సామర్థ్య సంస్థ 2021లో తెచ్చిన నిబంధనల ప్రకారం డిస్కంలు మూడు నెలలకోసారి ఎనర్జీ లెక్కలు ఇవ్వాలి. సబ్సిడీ లెక్కలు కూడా త్రైమాసికంగా నియంత్రణ మండలి ముందు పెట్టాలని 2023 నిబంధనలు చెబుతున్నాయి. అంటే కాగితం మీద అజమాయిషీకి కావలసిన ఆదేశాలకు కొరత లేదు. కొరత ఉన్నది వరుసక్రమంలో.

రైతు మోటారు దగ్గర మొదలుపెట్టిన ప్రతిసారీ రాజకీయం అడ్డొచ్చింది. సబ్‌స్టేషన్‌లోని ఫీడరు దగ్గర, ఆ తర్వాత వ్యవసాయ ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర మీటరు పెడితే ఏ ఒక్క రైతు వాడకమూ విడిగా నమోదు కాదు. బిల్లు వేసే వీలే ఉండదు కాబట్టి భయానికీ తావుండదు. నాలుగు మోటార్ల ట్రాన్స్‌ఫార్మర్ కింద అసలు లోడు ఎంతో తెలుస్తుంది, కాలిపోకముందే మార్చవచ్చు. ఫీడరు నష్టం అంచనా లేకుండా తేలుతుంది. కొలత వల్ల ముందు మేలు పొందేది రైతే అవుతాడు. ఆ పైన ఆయా ఫీడర్ల లెక్కను ఊరి సచివాలయం గోడమీద, తెలుగులో, ప్రతి మూడు నెలలకూ అతికించాలి. ఎంత వచ్చింది, ఎంత తేలింది, ఎన్నిసార్లు ట్రాన్స్‌ఫార్మర్ కాలింది, ఎన్ని గంటల్లో మార్చారు అన్న నాలుగు వరుసలు చాలు. మార్చిన గంటల లెక్కకు ఆధారం లైన్‌మన్ మాట కాకుండా 1912 నమోదే కావాలి.

దీనికి ఖర్చు ఉంది. ట్రాన్స్‌ఫార్మర్ మీటర్లు ఎండకు, పిడుగులకు పాడవుతాయి, దొంగతనాలూ జరుగుతాయి. వాటిని చూసుకునే మనుషులు కావాలి. గతంలో నమూనాగా పెట్టిన మీటర్ల నుంచే సరైన రీడింగులు రాక ఇబ్బంది పడ్డ సందర్భాలున్నాయి. మీటరు కొనే బడ్జెట్‌లోనే ఐదేళ్ల నిర్వహణ ఖర్చు కూడా చేర్చకపోతే ఇవీ స్తంభాల మీద అలంకారంగా మిగులుతాయి.

దగ్గర్లో ఏం జరగవచ్చు

లెక్క నిజాయితీగా మొదలైతే తొలి ఏడాది నష్టాల శాతం పెరిగినట్టు కనిపిస్తుంది. ఇన్నాళ్లూ వ్యవసాయం పేరున దాగినది బయటికొస్తుంది కాబట్టి అది అనివార్యం. ఆ ఏడాదే ప్రతిపక్షం ఆ అంకెను ఎత్తి చూపుతుంది, పత్రికల్లో శీర్షికలు వస్తాయి. అంచనా పద్ధతికే వెనక్కి పోదామన్న ఒత్తిడి సంస్థ లోపలి నుంచే వస్తుంది. పాత అంచనా ప్రకారం ఎంత, కొత్త కొలత ప్రకారం ఎంత అని రెండు అంకెలనూ పక్కపక్కనే ప్రకటించేలా నియంత్రణ మండలి ముందే ఆదేశిస్తే ఆ ఒత్తిడిని తట్టుకోవచ్చు.

వ్యవసాయ వాడకం అంచనా కన్నా తక్కువని తేలితే ప్రభుత్వ సబ్సిడీ తగ్గి, డిస్కం ఆదాయానికి గండి పడుతుంది. ఎక్కువని తేలితే ఖజానా మీద భారం పడుతుంది. రెండింట్లో ఏది జరిగినా ఆ తేడాను సర్దుబాటు చార్జీ పేరుతో గృహ వినియోగదారు మీదికి నెట్టకూడదన్న నిబంధన ముందే రావాలి. మండలి ఏటా టారిఫ్ మీద జరిపే ప్రజాభిప్రాయ సేకరణలో ఎవరైనా వెళ్లి ఈ మాట అడగవచ్చు, రాతపూర్వకంగా అభ్యంతరం ఇవ్వవచ్చు. అలా రాతపూర్వకంగా ఇచ్చిన అభ్యంతరాలకు డిస్కం జవాబు ఇవ్వాలి.